మూడేళ్ళ లెక్క

2017 ఫిబ్రవరి 12

అరబ్బీలో రాస్తున్నాను. ఆర్మేనియన్‌లో రాస్తే నా భార్య హ్రనుష్ చదివేస్తుంది. ఇంగ్లీషులో రాసినా కూడబలుక్కుని చదివేస్తుంది, ఆ మొండితనం ఆమెకి ఉంది. బేరూతు బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న అరబ్బీ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

పార్కులో ఈవేళ స్నేహితులతో నర్దీ పాచికలాట ఆడుతుంటే జవెన్ పాచికలు చేతిలో పట్టుకుని ఆపాడు.

"ఏం బెద్రోస్, మీ ఆవిడ పౌరసత్వానికి అర్జీ పెట్టుకుందా?"

"ఇంకా లేదు. అక్టోబరుకి గానీ మా పెళ్ళయి మూడేళ్ళు నిండవు."

"నిండనీ, నిండనీ. మొదటి మొగుడి దగ్గర ఉన్న కాలం లెక్కలోకి రాదు. విడాకులిచ్చి మళ్ళీ పెళ్ళాడితే మీటరు సున్నాకి వచ్చేస్తుంది. నీ ఇంట్లో, నీ పక్కన, మూడేళ్ళు ఉండి తీరాలి. అంటే అక్టోబరు దాకా నీకు ఢోకా లేదన్నమాట."

"అక్టోబరు తర్వాత?"

"సర్కిస్‌ని అడుగు."

అందరూ నవ్వారు. సర్కిస్ ఆ పక్క బెంచీ మీదే ఉన్నాడు. వంగి బూటు లేసు కట్టుకున్నాడు. వాడి పెళ్ళాం ఆర్మేనియాలో యెరెవాన్ మనిషి. పొద్దున కోర్టులో చెయ్యెత్తి పౌరసత్వ ప్రమాణం చేసింది, సాయంత్రానికి లారీ డ్రైవరుతో లాస్ వేగస్ చెక్కేసింది. ఏళ్ళు గడిచినా గ్లెండేల్‌లో ఆ ముచ్చట పాతబడలేదు. వాడి బతుకు మాకు కాలక్షేపం అయిపోయింది, పాపం.

హ్రనుష్ యెరెవాన్ మనిషి కాదు. గ్యుమ్రీ మనిషి. గ్యుమ్రీ వాళ్ళు నవ్వించి పడేస్తారు. అదే నా భయం, నవ్వేవాళ్ళ కడుపులో ఏముందో తెలియదు.

ఫిబ్రవరి 20

నేను గదిలోకి రాగానే ఫోనులో గొంతు తగ్గించింది. కూతురితోనట. కూతురితో అయితే గొంతు తగ్గించడం దేనికి?

మార్చి 9

కూతురితోనే. ఈవేళ ఫోను నా ముందే స్పీకర్లో పెట్టింది. నాకు అనుమానం వచ్చిందని తెలిసి పెట్టిందేమో.

నజేలీకి ఇరవై నాలుగేళ్ళు; గ్యుమ్రీలో చనిపోయిన భర్త కూతురు, మేం మొదటి మొగుడనేది ఆ తర్వాత కార్డు తెచ్చిపెట్టిన ఫ్రెస్నో వాణ్ణి. గ్యుమ్రీలో మ్హేర్ అనే కుర్రాడు, టైల్స్ వేసే పని, మంచివాడంటారు. పోయిన వేసవిలోనే ఉంగరం తొడిగారు. పెళ్ళి మాత్రం ఆగిపోయింది. ఆగడానికి కారణం నా భార్యే. గ్రీన్‌కార్డు మీద ఉండగా కూతురి కోసం అర్జీ పెట్టింది. తల్లి పౌరురాలు కాకముందే ఆ పిల్ల మెళ్ళో దండ పడితే అర్జీ రద్దయిపోతుంది. తల్లి పౌరురాలైతే పిల్ల నిశ్చింతగా పెళ్ళి చేసుకోవచ్చు, అర్జీ బతికే ఉంటుంది, వరస వెనక్కి పోయినా సరే. ఈ దేశం చట్టం అలా ఉంది, నేను రాసింది కాదు.

"అమ్మా, మ్హేర్ వాళ్ళమ్మ రోజూ అంటోంది. మీ అమ్మ ప్రమాణం చేసేసరికి మా వాడి నెత్తిన వెంట్రుక మిగలదు, బట్టతలవాడికి పిల్లనిస్తారో లేదో అని."

"నువ్వేమన్నావు?"

"మీవాడికి ఇప్పుడే ఊడుతోంది, మా అమ్మ మీద ఎందుకు పెడతారు అన్నాను."

తల్లీ కూతురూ ఒకటే నవ్వు. తర్వాత ఫోను పెట్టేసి హ్రనుష్ సింకు దగ్గర నిలబడి చాలాసేపు ఒకే గిన్నె తోమింది.

"అక్టోబరే కదా బెద్రోస్ జాన్" అంది; ప్రేమగా పిలిస్తే నా పేరుకి జాన్ తగిలిస్తుంది. "అక్టోబరే" అన్నాను. తర్వాత పక్కన చేర్చిన మాట: అప్పటికి నాకు తెలిసింది అంతే. ఇది గుర్తుంచుకోవడానికి రాస్తున్నాను. మార్చిలో నేను నిజమే చెప్పాను.

ఏప్రిల్ 16, ఈస్టరు

భోజనానికి అజ్నీవ్ అక్క వచ్చింది. ఎర్ర గుడ్లు కొట్టుకునే ఆటలో హ్రనుష్ గుడ్డు అందరివీ పగలగొట్టింది, అక్కది కూడా. అక్కకి అక్కడే ఒళ్ళు మండింది.

కాఫీ తాగాక కప్పులు బోర్లించారు. అక్క కప్పు చూసి చెప్పే జోస్యానికి మా వీధిలో పేరుంది. హ్రనుష్ కప్పుని అక్క తిప్పి తిప్పి చూసింది, మడ్డి మరకల్లో ఏం కనపడిందో ఏమో, మొహం పెద్దది చేసింది.

"ఇదిగో, పక్షి. రెక్కలు విప్పింది. ఇదిగో ఇటు దారి తెరుచుకుంది. నీకు ప్రయాణం ఉందమ్మా. ఒక్కదానివే."

"అది పక్షి కాదు వదినా, కోడి. మా ఊళ్ళో కోళ్ళు ఎక్కడికీ వెళ్ళవు, పెంటకుప్ప మీదే ఉంటాయి" అంది హ్రనుష్.

నేను నవ్వాను. నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క వెళ్ళేటప్పుడు కారు దగ్గర నా చెవిలో వేసింది.

"ఒరేయ్, నవ్వుతున్నావు, బాగానే ఉంది. ఫ్రెస్నో వాడూ ఇలాగే నవ్వి ఉంటాడు. వాడు తెచ్చి పెట్టిన కార్డుతో వాణ్ణి వదిలింది. నువ్వు ఇప్పించే పాస్‌పోర్టుతో నిన్ను వదలదని ఏం రాసిచ్చింది?"

"వాడు కొట్టేవాడు అక్కా."

"అది చెప్పింది. వాడు చెప్పాడా?"

నిజమే, ఫ్రెస్నో వాడి నోట నేను వినలేదు.

మే 6

చర్చి పాటగాళ్ళ అంగీలు పొట్టి చేయమని నా దర్జీ దుకాణానికి ఇచ్చారు, తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. వెనక హాల్లో బల్లలు వేసి కూర్చున్నారు, పౌరసత్వం అర్జీలకి ఉచిత సలహా అట. ఒక్క బల్ల ఖాళీగా ఉంది. తలీన్ అనే అమ్మాయి, ఇరాన్ ఆర్మేనియన్ల పిల్ల, లాయరు. కూర్చోండి అంకుల్ అంది. కూర్చున్నాను. నాకు కాదమ్మా, ఒక స్నేహితుడి కోసం అడుగుతున్నాను అన్నాను.

చెప్పాను. స్నేహితుడి భార్య, మొదటి మొగుడు పౌరుడు, అతని వల్ల కార్డు వచ్చింది, విడాకులు, మళ్ళీ పెళ్ళి. మూడేళ్ళ లెక్క కొత్త మొగుడితో మళ్ళీ మొదలవుతుందిగా?

"అవును అంకుల్, మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదలవుతుంది. అది మొగుడితో ముడిపడిన లెక్క. కానీ ఐదేళ్ళ లెక్క ఉందిగా, అది ఆవిడ సొంతం. కార్డు వచ్చిన రోజు నుంచి ఐదేళ్ళు. మధ్యలో ఎన్ని పెళ్ళిళ్ళయినా అది ఆగదు. కార్డు ఎప్పుడొచ్చింది?"

"రెండు వేల పదకొండులో. వసంతంలో."

"అయితే పోయినేడాదే పెట్టుకోవాల్సింది. ఎందుకు ఆగారు? ఆ భర్తతో పనే లేదు. ఆయన రానక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. మొదటి పెళ్ళి నిజమైనదేనా అని ఆఫీసరు గుచ్చి అడగొచ్చు, అంతే. రమ్మనండి, నేను చేసిపెడతాను."

మంచిదమ్మా, చెప్తాను అన్నాను. అంగీల డబ్బు తీసుకోవడం మర్చిపోయి వచ్చేశాను.

ఆయనతో పనే లేదు అంది. ఎంత తేలిగ్గా అనేసింది!

మే 7

చెప్పలేదు.

మే 9

చెబుదామనే దుకాణం తొందరగా కట్టేసి వచ్చాను. హ్రనుష్ ఒంటి నిండా పిండితో బేకరీ నుంచి అప్పుడే వచ్చింది. అలిసిపోయి ఉంది. అలిసిన మనిషికి కాగితాల గొడవ ఎందుకని ఊరుకున్నాను.

మే 14

ఈవేళ ఆమే అడిగింది. టీ పోస్తూ, నా వైపు చూడకుండా.

"బెద్రోస్ జాన్, అక్టోబరేనా? ఖాయమేనా?"

"అక్టోబరే."

అబద్ధం కాదు. అక్టోబర్లో కూడా పెట్టుకోవచ్చు కదా. అంతకుముందు పెట్టుకోకూడదు అని నేననలేదు.

మే 15

మొగుడు అవసరం లేదని తెలిసిన రోజు ఆమె మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. చూడాలని లేదు కూడా. జవెన్‌కి చెప్పలేదు. చెబితే ఐదేళ్ళ లెక్క అంటూ ఏదీ లేదంటాడు, నేను సంతోషంగా నమ్మేస్తాను. లేదా ఉందంటాడు, అప్పుడు పార్కంతా తెలిసిపోతుంది.

జూన్ 3

ప్యాంటు అంచులు కుడుతూ వేలికి సూది గుచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఇలా జరగలేదు.

రాత్రి భోజనం దగ్గర మళ్ళీ. "బెద్రోస్ జాన్, అక్టోబరేనా? ఖాయమేనా?" అవే మాటలు. ఈసారి నా కళ్ళలోకే చూసింది. ఎవరైనా ఏమన్నా చెప్పారా? చెబితే అడగదుగా. తెలియకనే అడుగుతోంది. "ఎన్నిసార్లు అడుగుతావు?" అని కసురుకున్నాను. ఆమె దోల్మా ఇంకొకటి నా పళ్ళెంలో వేసి, "ఇంకా ఉన్నాయి, తిను" అంది.

కసురుకోవాల్సింది కాదు. అయినా భార్య మొగుణ్ణి పోలీసులా అడగొచ్చా?

జూన్ 20

నజేలీ ఏడ్చింది. మ్హేర్ పని కోసం రష్యా పోతానంటున్నాడట. వాళ్ళమ్మ ఉంగరం వెనక్కిచ్చేయమని అన్లేదట కానీ, ఉంగరం వదులైందా అమ్మాయీ అని నలుగురిలో అడిగిందట.

హ్రనుష్ ఫోను పెట్టేసి నేరుగా నా ముందుకొచ్చి కూర్చుంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"బెద్రోస్, ఇంకొక్కసారి అడుగుతాను, విసుక్కోకు. అక్టోబరు కంటే ముందు ఏ దారీ లేదా? నీకు తెలిసింది ఏదైనా, ఎక్కడ విన్నదైనా, చెప్పు."

 తడి ఆరని పిండి ఆమె గోళ్ళలో ఉంది. ఆ పిండినే చూస్తూ లేదన్నాను.

"సరే" అంది. లేచి కిటికీ తెరిచింది.

అసలు దాచింది నేనా? చట్టం అందరికీ ఒక్కటే. కనుక్కోవాలనుకుంటే ఆమే కనుక్కోవచ్చు. కాళ్ళున్నాయి, నోరుంది. నేనేమైనా తలుపుకి తాళం వేశానా? నాలుగు నెలలు. నాలుగు నెలలు ఎక్కువ నాతో ఉంటే ఆమెకి పోయేదేముంది? ఆ టైల్స్ కుర్రాడు నాలుగు నెలలకే ఊడిపోయే రకమైతే అలాంటివాడు ఆ పిల్లకి అక్కర్లేదు. ఒకరకంగా నేను మంచే చేస్తున్నాను.

జూలై 8

కొత్త ఫ్రిజ్ కొన్నాను. మంచు తయారుచేసేది. హ్రనుష్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎవరి కోసం?" అంది. నీ కోసమే అన్నాను. "నేనేమైనా అడిగానా?" అంది. నిజమే, ఆమె అడిగింది ఫ్రిజ్ కాదు.

ఆగస్టు 17

గురువారాలు బేకరీలో పని ఎక్కువని రెండు గంటలు ఆలస్యంగా వస్తోంది. ఈవేళ లవాష్ రొట్టె కావాలనే మిషతో వెళ్ళాను. కౌంటర్ దగ్గర పిల్ల, "హ్రనుష్ అక్క నాలుగింటికే వెళ్ళిపోయిందే" అంది. నా మొహం చూసి, "మందుల షాపుకేమో" అని చేర్చింది. ఈ ఆడవాళ్ళంతా ఒకటి.

చర్చి దాటుతుంటే కనపడింది. వెనక హాలు మెట్ల మీద తలీన్‌తో. చేతిలో ఆ రంగు రంగుల చిన్న పుస్తకం, అధ్యక్షులు, జెండా, యుద్ధాలు, ఆఫీసరు అడిగే ప్రశ్నలన్నీ ఉండేది. ఆ పిల్ల అడుగుతోంది, ఈమె చెబుతోంది, తప్పు చెప్పినప్పుడల్లా ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు. అర్జీకి వేలిముద్రలు ఇచ్చి కూడా నెల అయిందని వాళ్ళ మాటల్లో తెలిసింది.

పెట్టేసుకుంది. నాకు తెలియకుండా. నా ఇంట్లో ఉంటూ, నా టీ పోస్తూ.

దొంగ!

ఆగస్టు 18

చివర్లో రాసిన మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

నేను చూసినట్టు చెప్పలేదు. ఆమె చెబుతుందేమో చూద్దాం. ఎంతకాలం దాస్తుందో చూద్దాం. దాచే మనిషి అసలు రంగు దాచినప్పుడే తెలుస్తుంది.

అక్టోబరు 11

మా మూడేళ్ళు నిండాయి. అక్క ఫోను చేసి, "ఇక కాచుకో" అంది.

అట్టపెట్టె నిండా మా ఫొటోలు సిద్ధం చేశాను. పెళ్ళివి, బిగ్ బేర్ కొండల మంచులోవి, అక్క మనవడి బాప్తిస్మంలోవి. ఇద్దరి పేరు మీద ఉన్న అద్దె కాగితం, బ్యాంకు కాగితం. పార్కులో అందరూ చెప్పేది ఇదే, ఆల్బం ఎంత బరువుంటే ఆఫీసరు అంత నమ్ముతాడని. "ఇక పెట్టుకుందామా?" అని హ్రనుష్‌ని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

ఆమె ఒక ఫొటో చేతిలోకి తీసుకుంది. మంచులో నేను బోర్లా పడి ఉన్నాను, ఆమె నవ్వుతోంది.

"దీంట్లో నువ్వు ఎంత బాగున్నావో" అంది. మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. అంతే. పెట్టుకున్నానని చెప్పలేదు. లేదనీ చెప్పలేదు.

2018 జనవరి 24

"రేపు దుకాణం తెరవకు. నన్ను లాస్ ఏంజలెస్ తీసుకెళ్ళు. ఇంటర్వ్యూ ఉంది" అంది, ఉప్పు అందుకో అన్నట్టుగా. సరే అన్నాను. ఎప్పుడు పెట్టావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పిచ్చి ఇల్లు.

జనవరి 25

 అన్నీ రాయాలి.

కోటు వేసుకున్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పేరు పిలవగానే నేనూ లేచాను. ఆఫీసరు నల్ల కళ్ళద్దాల కుర్రాడు.

"నేను భర్తనండి. ఫొటోలు తెచ్చాను."

అతను కాగితం చూశాడు. "ఆమె ఐదేళ్ళ నివాసం మీద పెట్టుకున్నారు సార్. మీరు కూర్చోండి."

"మా పెళ్ళి నిజమైనదని..."

"మీరు అవసరం లేదు సార్."

మర్యాదగానే అన్నాడు. పక్కన వియత్నాం ముసలమ్మ నా పెట్టె వైపు జాలిగా చూసింది. హ్రనుష్ వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళింది.

నేననుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. పాసయ్యాను అంది.  కార్లో కూర్చున్నాక బెల్టు పెట్టుకోకుండా మొదలుపెట్టింది.

"ఫ్రెస్నో సంగతే అడిగాడు, చాలాసేపు. కార్డు కోసమే చేసుకున్నావా, లేకపోతే విడాకులైన ఏడాది తిరక్కుండానే మళ్ళీ పెళ్ళేమిటి, అని. చెప్పాను. ఇదిగో ఇక్కడ పన్ను ఎలా ఊడిందో నోరు తెరిచి చూపించాను. నువ్వూ మనసులో అదే అడుగుతావు బెద్రోస్, మూడేళ్ళ నుంచి. అతనికది ఉద్యోగం. నీకెవరు జీతమిస్తున్నారు?"

"నేనెప్పుడు అడిగాను?"

"పోయిన మేలో, నువ్వు తలీన్‌ని కలిసిన వారానికి నేను చర్చికి గాతా రొట్టెలు ఇవ్వడానికి వెళ్ళాను. మాటల్లో నా సంగతి చెబితే, మీ ఆయన స్నేహితుడి భార్య ఇంకా రాలేదేంటండీ, ఆవిడదీ అచ్చం మీ కథలాగే ఉందే అందా పిల్ల. నీకు అలాంటి స్నేహితుడు ఎవరు బెద్రోస్? మొదటి మొగుణ్ణి ఫ్రెస్నోలో వదిలిన పెళ్ళాం ఉన్న స్నేహితుడు?"

నేను కారు తాళం తిప్పబోయాను, ఆమె నా చెయ్యి ఆపింది.

"ఇంటికొచ్చి అడిగాను. మళ్ళీ అడిగాను. మూడోసారి నీ చేతులు పట్టుకుని అడిగాను. నెల పైగా నా కూతురి పెళ్ళిని నీ నోటి మీద పెట్టి కూర్చున్నాను, ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని. నువ్వు చెబితే చాలు, మిగతాదంతా మర్చిపోదామనుకున్నాను. నువ్వు నా గోళ్ళు చూస్తూ లేదన్నావు. మర్నాడే వెళ్ళి పెట్టుకున్నాను."

"భయపడ్డాను హ్రనుష్. వెళ్ళిపోతావని."

"కాబట్టి కట్టేశావు."

వెనక కారు వాడు హారన్ కొడుతున్నాడు, మా చోటు కోసం. నేను కారు తీశాను. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక పప్పు చారు చేసింది. ఇద్దరం తిన్నాం.

మార్చి 22

ప్రమాణం అయింది. పెద్ద హాలు, వేలమంది. చెయ్యెత్తి నిలబడింది. నేను పై వరసలోంచి చూశాను. చేతిలో చిన్న జెండా పట్టుకుని బయటికొచ్చి ముందు నజేలీకి ఫోను చేసింది. అవతల ఒకటే కేకలు, మ్హేర్ గొంతు కూడా ఉంది. రష్యా పోలేదన్నమాట.

సాయంత్రం దాకా కాచుకున్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు. గిన్నెలు తోమి పడుకుంది.

మార్చి 23

ఇవాళ కూడా ఉంది.

ఏప్రిల్ 14

పెద్ద సూట్‌కేసు కొంది, ఎర్రది. అక్క చూసి వెళ్ళింది. గంటలో మా వీధంతా తెలిసి ఉంటుంది.

"పెళ్ళి జూన్‌లో" అంది హ్రనుష్. "మేలో మా వాళ్ళు పెళ్ళిళ్ళు చెయ్యరు. నేను మే చివర్లో వెళ్తున్నాను. టికెట్ తీశాను."

"ఎన్ని?"

"ఒకటి."

నేను మంచం మీద కూర్చున్నాను. ఆమె నిలబడే ఉంది.

"నజేలీకి తండ్రి లేడు. పెళ్ళికూతుర్ని ఇంట్లోంచి చెయ్యి పట్టి బయటికి తేవాలి. నువ్వు తెస్తావని ఆ పిల్లకి ఎప్పుడో మాటిచ్చాను, అప్పటికి నీ సంగతి నాకు తెలియదులే. ఇప్పటికీ రావచ్చు. కానీ నాకొకటి కావాలి. జవెన్ పెళ్ళాం రోజూ మా కొట్టులోనే రొట్టె కొంటుంది. పాస్‌పోర్టు వచ్చిందటగా, ఎప్పుడు ఎగురుతున్నావు అని నవ్వుతూ అడుగుతుంది, అందరి ముందూ. ఆ మాట ఎక్కడ పుట్టింది బెద్రోస్?"

"జవెన్..."

"జవెన్ నర్దీ బల్ల దగ్గర పుట్టింది. నువ్వు అక్కడే కూర్చున్నావు. వెళ్ళి చెప్పు. నా భార్యకి నా అవసరం ఎప్పుడూ లేదు, అయినా ఉంది, అవసరం ఉందని అబద్ధమాడింది నేను అని చెప్పు. మీ అక్కకీ చెప్పు. అప్పుడు రా."

"వాళ్ళకెందుకు చెప్పాలి? మన ఇంటి సంగతి."

"మన ఇంటి సంగతి నువ్వు వాళ్ళని అడిగే కదా తెలుసుకున్నావు ఇన్నాళ్ళూ" అంది.

మే 20

చెప్పలేదు. సర్కిస్ ఉన్నాడు, వాడి ముందు బాగుండదు.

మే 27

విమానాశ్రయంలో దింపాను. సూట్‌కేసు నేనే ఎత్తాను. చాలా బరువు. ఇంత బరువెందుకు, రెండు వారాలకి? పెళ్ళి సామాను అంది. అయ్యుండొచ్చు. నా మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. "బీరువాలో శీతాకాలం కోటు వదిలి వెళ్తున్నాను, చూసుకుని ధైర్యం తెచ్చుకో" అని నవ్వింది.

ఇంటికొచ్చి చూశాను. కోటు ఉంది. పాతది.

జూన్ 3

చెప్పాను! ఈవేళ చెప్పాను.

బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. జవెన్ అప్పుడే అంటున్నాడు, "చెప్పానా లేదా? పిట్ట ఎగిరిపోయింది" అని. నేను నర్దీ పెట్టె చప్పున మూసేశాను. బిళ్ళలన్నీ కిందపడ్డాయి.

"ఎగరలేదు. వినండి అందరూ. ఆమెకి నాతో పనే లేదు. కార్డు వచ్చి ఐదేళ్ళయింది, నన్ను పెళ్ళాడినా మానినా పౌరసత్వం వచ్చేది. మీటరు సున్నాకి రాలేదు జవెన్, నీకు సగమే తెలుసు. నాకు ముందే మొత్తం తెలిసింది. తెలిసీ దాచాను. కూతురి పెళ్ళి ఆగిపోతున్నా దాచాను. అయినా నన్ను వదల్లేదు. తప్పు నాది."

 జవెన్ లేచి వచ్చి నన్ను కావలించుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

"మగాడంటే నువ్వురా బెద్రోస్. పెళ్ళాం ఇంత పని చేసి పోయినా దాని పరువు కాపాడుతున్నావు. తప్పంతా నెత్తిన వేసుకున్నావు చూడు!"

"అది కాదురా. నిజంగానే..."

"మాకు తెలుసులే. ఇంకేం చెప్పకు."

ఎవరో నా వీపు తట్టారు. ఎవరో కాఫీ తెచ్చారు. సర్కిస్ వచ్చి నా పక్కన కూర్చుని, మొదటిసారి, నా భుజం మీద చెయ్యి వేశాడు. తన వాణ్ణి చూసినట్టు చూశాడు. నాకు అరవాలనిపించింది.

అక్కకీ చెప్పాను. "తమ్ముడూ, నీ మనసు బంగారంరా, అమ్మ పోలిక" అని ఏడ్చింది. ఏమీ నమ్మలేదు.

జూన్ 4

పొద్దున దుకాణం తెరవగానే ఫోను చేశాను. అక్కడ సాయంత్రం. వెనకాల ఎవరో డప్పు సరిచూసుకుంటున్నారు, పిల్లలు అరుస్తున్నారు.

"చెప్పాను హ్రనుష్. అందరికీ. సర్కిస్ ముందు కూడా."

"నిజంగానా? నా బంగారం!" గట్టిగా అరిచింది. "నజేలీ, బెద్రోస్ చెప్పాడటే!"

"కానీ ఎవరూ నమ్మలేదు. నీ పరువు కాపాడుతున్నాననుకున్నారు. నన్ను కావలించుకున్నారు."

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగక ఊపిరి అందలేదు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళయిందో ఇద్దరం కలిసి నవ్వి.

"పోనీలే, వాళ్ళు నమ్మకపోతే పోయారు. శనివారం పెళ్ళి. ఇప్పుడు టికెట్ తీస్తే అందుకుంటావు, నల్ల కోటు తెచ్చుకో" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "బెద్రోస్ జాన్, వాళ్ళ సంగతి వదిలెయ్. నువ్వు? నువ్వు వచ్చినా రాకపోయినా, నేను తిరిగి ఇంటికి వస్తానని నువ్వు నమ్ముతున్నావా?"

నమ్ముతున్నాను అన్నాను.

వెంటనే అనలేదు. అప్పుడే దుకాణంలోకి ఎవరో వచ్చారు, అందుకే ఆగాల్సి వచ్చిందని రాద్దామని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. తలుపు మూసే ఉంది. ఎర్ర సూట్‌కేసు బరువు గుర్తొచ్చింది, పాత కోటు గుర్తొచ్చింది, అంతే. ఎంతోసేపు కాదు. ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు.

అవతల డప్పు ఆగింది.  నేను మళ్ళీ చెప్పాను, నమ్ముతున్నాను, నమ్ముతున్నాను హ్రనుష్, ఇప్పుడే టికెట్ తీస్తాను అని.

"వద్దులే, అంత దూరం ఎందుకు శ్రమ" అంది, చాలా మెల్లగా, మంచిగా. "ఫొటోలు పంపిస్తాను."